రంగునీళ్ల సేద్యం

మే నెలలో నీళ్ల ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కత్తులు నూరుకునే ఊరు మన హైదరాబాదు. సరిగ్గా ఆ నెలలోనే, ఆ అపార్ట్‌మెంట్‌కే, వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి నీళ్లు కొరియర్‌లో దిగుతున్నాయి. బబుల్ ర్యాప్ చుట్టుకుని, పైవైపు ఏదో చూపే బాణం గుర్తు వేయించుకుని మరీ వస్తున్నాయి. కాస్త ఉప్పు, కాస్త రంగు కలిసిన నీళ్లు. ఎ సీసా ఒకటి, బి సీసా ఒకటి. బాల్కనీలో పైపులు బిగించి పాలకూర పెంచే పెద్దమనుషులు వీటిని ‘న్యూట్రియెంట్స్’ అంటారు. ఎరువు అంటే వాళ్లకు కోపం వస్తుంది. ఎరువు రైతు వేసేది, కెమికల్. వీళ్లది కెమికల్ ఫ్రీ. సీసాలో ఉన్న కాల్షియం నైట్రేట్‌కి ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో మరి!

ఓసారి లెక్క వేద్దాం. సీసా మీద లీటరు నీటికి ఎ ఐదు మిల్లీలీటర్లు, బి ఐదు మిల్లీలీటర్లు అని ఉందనుకోండి. లీటరు ఎ, లీటరు బి కలిపి 200 లీటర్లకు వస్తాయి. మట్టి లేకుండా పెరిగే మొక్కకు లీటరు నీటిలో కావలసిన లవణాలన్నీ పొడిగా తూస్తే రెండు గ్రాములకు కాస్త పైన. అంటే ఆ రెండు సీసాల్లో ఉన్న సరుకంతా కలిపి అరకిలో లేదు. మిగతాది నీళ్లు. తయారీదారు ధర్మాత్ముడే అయినా ఇంతకు మించి పెద్దగా చేయలేడు, ఎందుకంటే పొటాషియం నైట్రేట్ 20 డిగ్రీల వేడిలో లీటరు నీటికి 316 గ్రాముల దగ్గర కరగడం ఆపేస్తుంది. చల్లబడితే ఇంకా తక్కువ. అందుకే సంక్రాంతి చలికి సీసా అడుగున తెల్లటి పలుకులు పేరుకుంటాయి. కొన్నాయన ఫోటో తీసి ‘మందు పాడైపోయింది, డబ్బులు వాపసు ఇవ్వండి’ అని రాస్తాడు. పాపం, ఆ సీసాలో ఆయన కంటికి కనబడిన అసలు సరుకు అదొక్కటే.

రెండు సీసాలెందుకు అన్నదాని మీద కూడా గొప్ప భక్తి ఉంది. ఇందులో మంత్రమేమీ లేదు. చిక్కటి ద్రావణంలో కాల్షియం, సల్ఫేటూ ఎదురుపడితే జిప్సం అయి కూర్చుంటాయి. ఫాస్ఫేటుతోనూ అదే గొడవ. కాబట్టి కాల్షియాన్ని విడిగా ఉంచుతారు. బకెట్ నీళ్లలో పలచబడ్డాక కలిసినా కొట్టుకోవు. ఈ ఒక్క ముక్క తెలిస్తే పొడితో పని మొదలుపెట్టవచ్చు. తెలియకపోతే ‘రెండు దశల సాంకేతికత’ అని లేబుల్ మీద చదువుకుని పులకించవచ్చు.

ఇక ‘రహస్య ఫార్ములా’ సంగతి. 1938లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ హోగ్లాండ్, డేనియల్ ఆర్నన్ అనే ఇద్దరు ఈ రహస్యాన్ని 347వ నంబరు సర్క్యులర్‌గా అచ్చేసి జనానికి పంచారు. ఎందుకు పంచారన్నది ఇంకా తమాషా. ఆ విశ్వవిద్యాలయంలోనే విలియం గెరిక్ నీళ్లలో టమాటా తీగలను నిచ్చెన వేసుకుని కోసేంత ఎత్తు పెంచాడు. పత్రికలు వెర్రెత్తిపోయాయి. ఇక మట్టితో పనిలేదు, ఇంటింటా తొట్టి పెట్టుకుంటే చాలన్నాయి. అమ్మేవాళ్లు అప్పుడే బయల్దేరారు. ఆ ఆర్భాటం మీద నీళ్లు చల్లడానికే హోగ్లాండ్, ఆర్నన్ కలం పట్టారు. ఇందులో మాయేమీ లేదు, మంచి నేలలో వచ్చే పంటే ఇందులోనూ వస్తుంది, కావలసినవాళ్లు ఈ లవణాలు ఈ పాళ్లలో కలుపుకోండి అన్నారు. మనకేమీ ఇది పరదేశీ విద్య కాదు. 1946 నుంచి కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ పంపులూ హంగులూ లేకుండా చౌకగా ఇదే పని చేసి, ‘బెంగాల్ సిస్టమ్’ పేరుతో 1951లో పుస్తకం వేశాడు. ఇంత జరిగాక కూడా ఇవాళ సీసా మీద ‘మా పరిశోధకులు కనుగొన్న ప్రత్యేక మిశ్రమం’ అని ఉంటుంది. నిజమే కావచ్చు. రంగు మాత్రం హోగ్లాండ్ వేయలేదు.

సీసాలకు సంతానం ఎక్కువ. ఆకుకు ఒకటి, వేరుకు ఒకటి, రుచికి ఒకటి, పూతకు ‘బ్లూమ్ బూస్టర్’ ఒకటి. ఈ వంశవృక్షం మొలిచింది అమెరికాలో. అక్కడ ఈ సీసాలకు మహారాజ పోషకుడు గంజాయి పెంచేవాడు. చాలా రాష్ట్రాల్లో చట్టమే ఒప్పుకుంది కాబట్టి దాపరికం లేదు. అతనికి కావలసింది పువ్వు, అతని సరుకే పువ్వు. వారం వారం ఏ సీసా ఎన్ని మిల్లీలీటర్లో చెప్పే రంగురంగుల పట్టిక అతని కోసం గీసింది. దాన్ని యథాతథంగా దింపుకుని మనవాళ్లు కొత్తిమీరకు పోస్తున్నారు! కొత్తిమీర పూతకు వస్తే పీకి పారేస్తాం. దానికి పూతమందు, అదీ కొరియర్ ఖర్చుతో. అదృష్టం ఏమిటంటే భాస్వరం గుమ్మరించినంత మాత్రాన ఏ మొక్కా పూయదు.

ఆ అమెరికాలోనే లెక్క తెలిసినవాళ్లు పొడి వైపు ఎప్పుడో తిరిగారు. పెన్సిల్వేనియాలో తయారయ్యే జాక్స్ 5-12-26, ఇల్లినాయ్‌లో తయారయ్యే మాస్టర్‌బ్లెండ్ 4-18-38, రెండూ బస్తా సరుకే. జాక్స్ వాళ్ల సూత్రాన్ని ‘త్రీ టూ వన్’ అంటారు. గాలనుకు ఆ పొడి 3.6 గ్రాములు, కాల్షియం నైట్రేట్ 2.4, మెగ్నీషియం సల్ఫేట్ 1.2. న్యూజెర్సీలో చలికాలం బేస్‌మెంట్‌లో లైట్లు పెట్టి గోంగూర పండించుకునే మన తెలుగువాడికి ఇంతకంటే అక్కర్లేదు. ఆ పొడిని ఇక్కడికి విమానంలో తెప్పించుకునే మేధావి గురించి మాత్రం నేను మాట్లాడదలచుకోలేదు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా కనిపించేది ‘కాల్-మ్యాగ్’ సీసా. కాల్షియం, మెగ్నీషియం కలిపిన ద్రవం. శివారు కాలనీల బోరునీళ్ల సంగతి ఎరగనివాళ్లు లేరు. గీజర్ విప్పితే కాయిల్ మీద వేలెడు మందాన తెల్లటి పెచ్చులు. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో గోకి, గుప్పెడు పోగుచేసి, అరచేతిలో పెట్టి చూపిస్తాడు: ‘ఇగో సార్, మొత్తం సున్నమే’. ఆ సున్నం కాల్షియమే, అందులో మెగ్నీషియం కూడా ఉంటుంది. మన పెద్దమనిషి ఏం చేస్తాడు? ఆ నీటిని ఆర్వో మెషిన్‌లో పోసి, కరెంటు కాల్చి, అందులోని కాల్షియం మెగ్నీషియాలను మోరీలోకి పంపిస్తాడు. వాటితోపాటు చాలా నీళ్లు కూడా పోతాయి, ట్యాంకర్ గొడవ గుర్తుంది కదా. తరువాత, శుభ్రమైన నీళ్లలో కాల్షియం మెగ్నీషియం లేవని పుస్తకంలో చదివి, వాటిని సీసాలో కొని తిరిగి పోస్తాడు. ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటే విన్నాం గానీ, అలా తిప్పడానికి బిల్లు కట్టేవాణ్ణి ఇప్పుడు చూస్తున్నాం.

టీడీఎస్ మీటరు కూడా ఈ నాటకంలో ద్విపాత్రాభినయం చేస్తోంది. ఆర్వో అమ్మడానికి వచ్చిన కుర్రాడు దాన్ని గ్లాసులో ముంచి, అంకె పెద్దదిగా చూపించి, ఇంటిల్లిపాదినీ భయపెడతాడు. అదే మీటరును అదే ఇంటాయన బాల్కనీ టబ్బులో ముంచి, అంకె పెద్దదిగా కనిపిస్తే మురిసిపోతాడు. పైగా ఒక కంపెనీ మీటరు 1000 చూపిన నీళ్లకే ఇంకో కంపెనీది 1400 చూపిస్తుంది. లోపల కొలిచేది కరెంటు ప్రసరణనే, ఒకరు 500తో, ఇంకొకరు 700తో హెచ్చిస్తారు. ఇద్దరూ తమ మీటరు మీద ఒట్టేసి గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ ప్రసరణనే నేరుగా చెప్పే ఈసీ అంకె చూస్తే తగవు ఉండదు. కాలక్షేపమూ ఉండదు.

నిజానికి బోరునీళ్లతో చిక్కు వేరే ఉంది. అందులోని బైకార్బొనేట్లు పీహెచ్‌ను పైకి లాగుతాయి. 6.5 దాటితే, ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే ఈడీటీఏ పట్టు సడలుతుంది. లేతాకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మనవాడు దానికీ కాల్-మ్యాగే పోస్తాడు. కావలసింది కొంచెం ఫాస్ఫారిక్ యాసిడ్, లేదంటే 7.5 దాకా నిలబడే డీటీపీఏ ఇనుము. ఇదీ పొడే, చిటికెడు చాలు.

కోకోపీట్ భక్తుల గురించి రెండు ముక్కలు. కోనసీమలో పీచు తీశాక మిగిలే పొట్టును ఇటుకగా నొక్కి, మీద చిలుక బొమ్మ వేస్తే బాల్కనీకి చేరుతుంది. దానికో గుణం ఉంది. తన దగ్గరున్న పొటాషియాన్ని, సోడియాన్ని వదిలి, మనం పోసిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. మొక్క నోటి ముందు ముద్ద లాక్కుంటుందన్నమాట. విరుగుడు చవక: వాడే ముందు ఇటుకను విడదీసి, కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి నానేసి, మళ్లీ కడగడం. దీనికి బజారు ఇచ్చిన విరుగుడు ‘కోకో స్పెషల్’ సీసా. పాళ్లలో కాస్త కాల్షియం ఎక్కువ, కాస్త పొటాషియం తక్కువ, ధరలో మాత్రం మొహమాటం లేదు.

ఇంతదాకా చదివి చంకలు గుద్దుకుంటున్న ఇంకో తెగ ఉంది. ‘నేనెప్పుడో చెప్పాను, మూడు పంతొమ్మిదులు కిలో ప్యాకెట్ తెచ్చి కలిపేస్తే చాలు’ అనే పిసినారి తెగ. వీళ్లకూ దండం. 19:19:19 మట్టికి మంచి మందే, డ్రిప్పులో వదలడానికి, ఆకుల మీద కొట్టడానికి మన రైతులు ఏళ్లుగా వాడుతున్నారు. కానీ ప్యాకెట్ వెనక చదవండి. 19 శాతం నత్రజనిలో పదిన్నర యూరియా రూపంలో ఉంది. నేలలో సూక్ష్మజీవులు దాన్ని మొక్కకు అందేలా మారుస్తాయి. మీ ప్లాస్టిక్ బకెట్‌లో అంత పటాలం ఎక్కడుంది? యూరియా ఎంత పోసినా మీటరు ముల్లు కదలదు కూడా. కాల్షియం బొత్తిగా సున్నా. భాస్వరం, నత్రజనితో పోలిస్తే హోగ్లాండ్ పాళ్లకు మూడు రెట్లు. కాల్షియం అందక టమాటా కింది భాగం నల్లగా కుళ్లుతుంటే, అది దిష్టి అనుకుని గుమ్మడికాయ కట్టే దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే కదా అని ఉత్త యూరియానే టబ్బులో కలిపే ఘనుల గురించి ఇక చెప్పను.

అసలు బేరం నాలుగు పొడుల్లో ఉంది. 20 లీటర్ల బకెట్‌కు కాల్షియం నైట్రేట్ 20 గ్రాములు, రైతులు ‘పదమూడు సున్నా నలభై ఐదు’ అనే పొటాషియం నైట్రేట్ 10 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, 0:52:34 అని అమ్మే పొటాషియం ఫాస్ఫేట్ మూడు గ్రాములు. పైన ఈడీటీఏ ఇనుము అర గ్రాముకు లోపు, మిగతా సూక్ష్మపోషకాలు చిటికెడు. ఒక్కొక్కటీ విడిగా కరిగించి, కాల్షియాన్ని చివర కలపాలి. హోగ్లాండ్ సర్క్యులర్ ఇదే, ఎరువుల కొట్టు భాషలో. పాలకూర, లెట్యూస్‌లకు ఇందులో సగం చాలు. కిలో కాల్షియం నైట్రేట్ 50 బకెట్లకు వస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌ల వాళ్లు పీపాల్లో కలిపేదీ ఈ పొడులనే. వాళ్లెవరూ సీసా కొనరు, కొంటే మునిగిపోతారు.

‘అంత తూకం మావల్ల కాదండీ, ప్రమాదం’ అంటారు. అనేది ఎవరు? పొద్దున్నే వే ప్రొటీన్ చెంచా గీత దాటకుండా కొలుచుకునేవాళ్లు, బిర్యానీ మసాలాకు డిజిటల్ కాటా కొన్నవాళ్లు. సిగ్గు ఇంకోచోట ఉంది. ఎరువుల కొట్టుకు వెళ్లాలి. అక్కడ అడుగుతారు.

‘ఏం పంట సార్?’

‘పాలకూర.’

‘ఎన్నెకరాలు?’

‘ఆరు బకెట్లు.’

కొట్టాయన ఒక క్షణం చూసి, ‘కిలో ప్యాకెట్లు కొన్నిటికే ఉన్నయి, మిగతావి 25 కిలోల బస్తాలు. మీ అపార్ట్‌మెంట్ల పది మంది కలిసి తీస్కోండ్రి’ అంటాడు. సీసా వ్యాపారానికి ఇంతకంటే పెద్ద శత్రువు లేడు. పది మంది కలిస్తే తలా రెండున్నర కిలోలు, ఏడాది గడిచినా తరగవు. పది మంది కలవడమన్నదే అపార్ట్‌మెంట్లో అసాధ్యం కాబట్టి సీసా కంపెనీలు నిశ్చింతగా ఉన్నాయి.

పొడికి ఒక్క చిక్కు ఉందని ఒప్పుకోవాలి. వానాకాలంలో కాల్షియం నైట్రేట్ డబ్బా మూత సరిగా పెట్టకపోతే గాలిలో తేమ తాగి రెండు రోజుల్లో జావ అయిపోతుంది. పారేయకండి, తూచేటప్పుడు కాస్త ఎక్కువ వేసుకుంటే సరిపోతుంది. అందులో చేరిన నీళ్లకు ఎవరూ బిల్లు వేయరు.