ఇంకొక్క ఐతారం: టీకా తాత్పర్య సహితము

అవతారిక. మేడ్చలునకు తూర్పున, శామీర్‌పేటకు పడమర, ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షపందిళ్లు పరచుకొని యుండి, ఇప్పుడు నూటయేబది గజముల ప్లాట్లుగా గళ్లుగళ్లుగా తీరిన నేలమీద, ఒక గృహస్థు తన యింటి క్రింది గరాజులో వెల్లకిల పరుండి, శిరస్సు మొదలు నడుము వరకు ఒక పాతకారు క్రింద అంతర్హితుడై, పాదములు మాత్రము లోకమునకు గోచరించుచుండగా, తన యిల్లాలితో పలికిన వాక్యమిది:

"ఇంకొక్క ఐతారం ఆగు, బండి కదుల్తది."

ఇచ్చటికి వాయవ్యమున, మెదకు సీమలో, కొల్చారము గలదు. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరు ఆ యూరిదే. అక్కరలేని మాట వ్రాయరాదని ఆ మహానుభావుడు పెట్టుకొన్న నియమము పండితులందరు నెరిగినదే. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ గాలి సోకునంత దగ్గరనే యున్నను ఆ నియమమును పాటింపజాలడు. ఏలయన మూలమున నున్నవి ఐదు పదములే గాని, గరాజున నున్న ముక్కలకు లెక్క లేదు.

ప్రతిపదార్థము. ఇంకొక్క = మరియొకటి మాత్రమైన; ఐతారం = ఆదిత్యవారము వరకు; ఆగు = ఓర్చుకొనుము; బండి = స్టాండర్డ్ హెరాల్డు అను పేరుగల ఈ కారు; కదుల్తది = చలించును. (ఎవరి బలముచేత చలించునో మూలమున లేదు. ఆ చర్చ ముందు రాగలదు.)

తాత్పర్యము. ఓ యిల్లాలా! ఇన్నాళ్లు సహించితివి, మరియొక్క ఆదివారము సహించినచో, నీ పప్పుడబ్బాల సరసన నున్న కార్బురేటరును, సజ్జమీది పైకప్పును, వసారాలో చుట్టములు కూర్చుండు చోట నున్న ముందరి సీటును యథాస్థానములకు జేర్చి, నిన్ను శామీర్‌పేట చెరువు కట్టదాకా చల్లగాలికి తీసికొనిపోవుదునని భావము.

ఇక టీక.

"బండి" యను పదమున భేదాభిప్రాయము గలదు. గృహస్థు దీనిని స్పోర్ట్సు కారనును. పూర్వపక్షి యగు ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయుడు అది విని నవ్వి, "మా చిన్నతనాన డాక్టర్లు రోగుల యిండ్లకు పోయే కారు గదయ్యా ఇది, 948 సి.సి. ఇంజనుకు స్పోర్ట్సు పేరెందుకు?" అని ఆక్షేపించును. ఆక్షేపము బలమైనదే. 1948లో మద్రాసున స్థాపితమైన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుండి తయారుచేసిన ఈ హెరాల్డు, అంబాసిడరునకును ఫియట్టునకును నడుమ సంసారపక్షముగా కాలము గడపినదే గాని పందెములకని పుట్టినది గాదు. 1968లో దానికి మరి రెండు తలుపులు పెట్టి, పిల్లలుగల యిండ్లకు మరింత అనుకూలము చేసిరి గూడ.

దీనికి సమాధానము చెప్పవలెనన్న వంశవృక్షము విప్పక తప్పదు. ఇంగ్లండున ట్రయంఫ్ హెరాల్డు 1959లో వెలువడినది. రూపశిల్పి ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి జొవాన్ని మికెలోత్తి. తక్కిన కార్లన్నియు వేరు చట్రమును విడిచి ఏకశరీరములుగా మారుచుండిన ఆ కాలమున, హెరాల్డు మాత్రము వెనుకటి పద్ధతినే చట్రమొకటి, దానిమీద బోల్టులతో బిగించిన అంగము లనేకములు గలదై పుట్టినది. ఇందులకు కారణము శాస్త్రము గాదు, వ్యాపారము: ట్రయంఫునకు యజమానులైన ఇంగ్లండు స్టాండర్డు వారికి కారు బాడీలు చేసియిచ్చుచుండిన ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారులగు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు 1953లో కొనివేయగా, ఒక్క ముద్దగా బాడీ చేయించుకొను దారి మూసుకొనిపోయి, ముక్కలు ముక్కలుగా చేయించుకొని కూర్చుకొనవలసివచ్చినది. అయితే చట్రము వేరుగా నున్నప్పుడు దానిని కుదించి, మీద మరియొక శరీరము నిలిపినచో మరియొక కారు సిద్ధించును గదా. అట్లు సిద్ధించినదే రెండు సీట్ల ట్రయంఫ్ స్పిట్‌ఫైరు. దాని మొదటి నమూనా డబ్బు చాలక మూలబడియుండగా, 1961లో కంపెనీని కొన్న లేలండు వారు తమ క్రొత్త ఆస్తి నెంచుకొనుచు, కర్మాగారపు మూలను దుప్పటి క్రింద దానిని కనుగొనిరని ప్రసిద్ధి; మరుసటి యేటనే అది లండను ప్రదర్శనమున వెలసినది. కావున హెరాల్డు స్వయముగా స్పోర్ట్సు కారు గాకున్నను స్పోర్ట్సు కారును కన్నతల్లి. తల్లిని బిడ్డపేరిట పిలుచుట మన పల్లెల యాచారమే. ఎదురింటాయన ఈ సమాధానమునకు లోబడలేదు గాని, మరునాడు మనుమని వెంటబెట్టుకొని వచ్చి, స్టీరింగు ముందర కూర్చుండబెట్టి ఫొటో తీసికొనెను.

"ఇంకొక్క" యను పదము ఈ వాక్యమునకు ప్రాణము. లోకులు దీనిని అబద్ధమని త్రోసిపుచ్చుదురు, అది అన్యాయము. పలుకునప్పుడు గృహస్థు దానిని మనసార నమ్మియే పలుకుచున్నాడు, అట్లు నమ్ముటకు కారుయొక్క నిర్మాణమే ఆధారము. హెరాల్డు ముందరి రెక్కలు, దీపములు, ఇంజను మూత అన్నియు నొక్క ఖండమై ముందుకు వాలును. వాలినంతట ముందరి టైరు మీద కూర్చుండి ఇంజను నంతయు చేతికందించుకొనవచ్చును. పైకప్పు సైతము బోల్టులు తీసిన ఊడివచ్చును. విడిభాగములుగా పెట్టెలలో బెట్టి ఓడకెక్కించి పరదేశములలో కూర్చుకొనుటకు ఇంతకన్న అనువైన కారుండదని ఆనాడు పేరు. ఈ సౌలభ్యమే కొంప ముంచినది. ఏకశరీరమైన కారును విప్పుటకు మనుష్యుడు జంకును, మిస్త్రీని బిలుచును, మిస్త్రీ ధర చెప్పును, ధర విని మనుష్యుడు మానుకొనును. ఇన్ని అడ్డుకట్టలున్నవి గనుకనే ప్రపంచమున పెక్కు పాతకార్లు సుఖముగా తుప్పుపట్టుచున్నవి. హెరాల్డునకు అట్టి అడ్డుకట్ట యొక్కటియు లేదు. ఒక్క పూటలో విడిపోయినది గనుక ఒక్క పూటలో కూడునని తోచుట సహజము.

తోచనిదేమనగా, విప్పిన ముక్కకు చోటు కావలెను. కారు పొడవు 12 అడుగుల 9 అంగుళములు, వెడల్పు 5 అడుగులు. గరాజు పొడవు 16 అడుగులు, వెడల్పు 9. కాగితముమీద ఈ లెక్క ఉదారముగానే కనబడును. గోడను బోరు మోటారు స్టార్టరు, మూలను రెండు గ్యాసు సిలిండర్లు, వాని ప్రక్క పిల్లవాని సైకిలు, పైన ఆరవేసిన బట్టలు నుండుటచేత మిగిలినది పక్కవాటుగా నడుచు మనుష్యునకు మాత్రమే సరిపోవును. పైగా ముందుకు వాలు మూత కారుముక్కు ముందర మరికొంత చోటు నడుగును గనుక, కారును వెనుకకు నెట్టి, ముక్కు వీధివైపుండునట్లు నిలిపి, షట్టరెత్తి గాని ఇంజనుమీద చేయివేయ వీలులేదు. షట్టరెత్తినంతనే గాలి వెలుతురులతోపాటు సలహాలు ప్రవేశించును. "ఆల్టో ఇంజను పెట్టుండ్రి అన్నా, పీడ బోతది" అనునది వీనిలో మిక్కిలి తరచు. చౌమహల్లా ప్యాలెసున నిజాముగారి పసుపువన్నె రోల్సు రాయిసును చూచి మురిసినవారు, ఆ బండికి దక్కిన వైభవము లోహమునకో ఇంజనునకో గాక ముందుగా చుట్టునున్న ఖాళీస్థలమునకు దక్కినదని గ్రహింపరు.

ఇక బోల్టులు. ఇవి అంగుళముల కాలమునాటివి. మేడ్చలు రోడ్డుమీది మెకానిక్కుల వద్ద నున్నవి మిల్లీమీటరు పానాలు. అర అంగుళపు తల 12.7 మిల్లీమీటర్లు, దానిని 13 నంబరు పానా పట్టినట్లే పట్టి, బలము పెట్టినంతట జారి, ఆరు మూలల తలను గుండ్రముగా నరగదీయును. గుండ్రనైన తలను మరి యే పానాయు పట్టదు. అప్పుడు దాని నెత్తిన మరియొక నట్టును వెల్డింగుతో నతికించి, ఆ వేడికి తుప్పు సడలినంతలో త్రిప్పవలెను. వెల్డింగు నిప్పురవ్వలు పడుచోట గ్యాసు సిలిండర్లుండరాదు గనుక ముందుగా వానిని వసారాకు జేర్చవలెను. వసారాలో సీటున్నది గనుక సీటును పడకగదికి జేర్చవలెను. ఒక బోల్టు ఊడుటకు ఒక మంచము ఖాళీచేయవలసివచ్చిన వృత్తాంతము ఇట్టిది.

తుప్పు సంగతి చెప్పిన కొలది పెరుగును. తలుపుల క్రింది పట్టీలో, డిక్కీ అడుగున పరచిన పట్టా క్రింద, చట్రమునుండి ప్రక్కలకు చాచిన చేతులలో, నీరు చేరి పోవు త్రోవలేక నిలిచినచోట నెల్ల అది లోపలినుండి పనిచేయును. పైకి రంగుమీద కందిగింజంత పొక్కు. గరుకు కాగితముతో రుద్దగా రూపాయి బిళ్లంత గోధుమ మచ్చ. స్క్రూడ్రైవరు మొనతో పొడువగా లోపలికి పోయిన మొన, దానివెంట రాలిన రేకు, రేకు రాలిన కంతలోనుండి కనబడు గరాజు నేల. వెనుకటి యజమాని యెవడో ఆ కంతలో గోనెగుడ్డ కుక్కి పైన పుట్టీ మెత్తెనని అప్పుడు తెలియును.

"ఐతారం" మీద పూర్వవ్యాఖ్యాతలు ఏమియు వ్రాయలేదు. నా మతమున రహస్యమంతయు నిచ్చటనే యున్నది. గృహస్థు కొలువుగాడు, అతనికి ఆదివారము దప్ప తీరిక లేదు. అరిగిన బుష్షునకు మారుబుష్షు చేసియిచ్చు లేతు మిషనువాడు ఆదివారము తెరువడు. ఇంచీ పానాలు, బేరింగులు, గాస్కెట్లు దొరకు రాణిగంజి దుకాణములకును అదియే సెలవు. కావున ఆదివారమున లోపము కనబడును, పనిదినములలో దాని పరిహారము దొరకును, మరుసటి ఆదివారమున అది బిగింపబడుచుండగా దాని వెనుకనున్న మరియొక లోపము కనబడును. ఇట్లు ప్రతి ఆదివారమునకును మరియొక్క ఆదివారము న్యాయముగానే మిగిలియుండును. "ఇంకొక్క" యని ఏకవచనము వాడినందులకు గృహస్థును తప్పుపట్టువారు ఈ పంచాంగమును పరిశీలింపవలెను.

"ఆగు" అనుటలో విశేషము లేదు. ఆమె ఆగియేయున్నది.

"కదుల్తది." కదలి యెక్కడికి పోవును? కేంద్ర ప్రభుత్వము 2021లో చేసిన నియమముల ప్రకారము, యేబది యేండ్లు దాటి, మౌలికరూపము చెడని బండికి వింటేజి రిజిస్ట్రేషను పుచ్చుకొనవచ్చును. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబడి 10 సంవత్సరములు, నంబరులో వి.ఏ. యను అక్షరములు. ఆల్టో ఇంజనువాని సలహా ఇచ్చటనే వీగిపోవును. అయితే ఆ పట్టీగల బండి నిత్యప్రయాణములకు పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవచ్చును. మరి చెరువుకట్టకు షికారు ఏ కోవలోనిది? రాజీవ్ రహదారిమీద పెట్రోలు బంకులు గలవు గనుక, పెట్రోలు నెపమున అంతదూరము పోవచ్చునని గృహస్థుని వ్యాఖ్య. వ్యాఖ్యాతకు ఇది క్లిష్టాన్వయముగా తోచుచున్నది.

ఇంతలో ఎండలు ముదిరి, బోరు ఇంకి, ఒక గురువారమునాడు నీళ్ల ట్యాంకరు వచ్చినది. ఆ ప్రాంతపు ఇండ్లలో వలెనే ఇచ్చటను సంపు గరాజు నేలలోనే యున్నది. దాని మూత సరిగా హెరాల్డు వెనుక చక్రములుండవలసిన చోటి నడుమ నున్నది. చక్రములు మాత్రము మేడమీద నున్నవి. "సంపు మీదికెల్లి బండి తియ్యుండ్రి, ట్యాంకరోడు ఆగడు" అని ఇల్లాలు కేకవేసెను. చక్రములు దిగివచ్చి బిగింపబడినవి, స్టాండ్లు తీసి జాకీ దించిరి. హెరాల్డు వెనుక చక్రములు వేటికవి ఊగు ఇరుసులమీద నుండును, అడ్డముగా నున్న ఒక్క పట్టీల స్ప్రింగు రెంటిని మోయును. పైకెత్తినప్పుడు అవి చలికి మోకాళ్లు ముడుచుకొన్నట్లు అడుగులు లోపలికి ముడుచుకొని, దించిన పిమ్మటగూడ, నేల టైర్లను పట్టి విడువదు గనుక, కొంతదూరము దొర్లినదాక అట్లే నిలుచును. దొర్లుటకు గరాజులో చోటెక్కడిది? కారు ఏడుపుమొగముతో, వెనుకభాగమును ఆకాశమునకెత్తి నిలిచినది. గృహస్థు, ఎదురింటాయన, ట్యాంకరు డ్రైవరు, క్లీనరు నలుగురును నడుము వంచి నెట్టగా, షట్టరు గడప దాటి వీధిలోనికి వచ్చుచుండగా, చక్రములు మెల్లగా విచ్చుకొని, బాడీ ఒక జానెడు క్రిందికి జారి, "ఖణ్" మని యేదో సర్దుకొని, తన నిజమైన యెత్తున నిలిచినది. 25 అడుగుల వలయములో మళ్లగలదని పేరుగాంచిన బండి గనుక, 30 అడుగుల ఆ వీధిలో ఒక్క త్రిప్పునకే మళ్లి గోడవారకు జేరినది. డ్రైవరు చేతులు దులుపుకొనుచు, "గాడీ మంచిగున్నదన్నా, అమ్ముతరా?" అని యడిగెను.

ఈ సంఘటనను పురస్కరించుకొని గృహస్థు క్రొత్త సిద్ధాంతము చేసెను: మూలమున నున్నది "కదుల్తది" యనియే గాని "నడుస్తది" యని గాదు, బండి కదలినది, కావున ప్రతిజ్ఞ ఐతారమునకు ముందే నెరవేరినది. వ్యాకరణదృష్టిచే ఇది నిర్దుష్టము. ఎదురింటాయన సైతము తల యూచెను. ఇల్లాలు సంపులోనికి పైపు వేసి, నీళ్ల చప్పుడు సరిచూచుకొని, మగనివైపు తిరిగి పలికినది: "గట్లనా? ఇగ ట్యాంకరు బేస్తారం బేస్తారం వస్తదట. గప్పుడు గూడ గట్లనే కదిలియ్యుండ్రి."