వంటింట్లో నిషేధం, కుండీలో ముహూర్తం

కార్తీకమాసం రాగానే చాలా తెలుగిళ్లలో వెల్లుల్లికి నెల రోజుల సెలవు. చారులో కనపడదు, పొడుల్లో వినపడదు, పోపుగిన్నె బాధ్యతలన్నీ ఇంగువే ఒంటిచేత్తో మోస్తుంది. ఇంట్లో నాలుగు కుండీలున్నవాళ్లు వెల్లుల్లి నాటాల్సింది సరిగ్గా ఆ నెలలోనే అని నా వాదన. తినకూడదన్నారు గానీ పాతిపెట్టకూడదని ఎవరూ అనలేదు. నిషేధం పడ్డవాళ్లు అజ్ఞాతంలోకి వెళ్లడం లోకంలో కొత్తా కాదు. ముట్టుకోవడం కూడా తప్పేననే నిష్ఠాపరులు దసరా వెళ్లాక, దీపావళి లోపల పని ముగించుకోవచ్చు. వారం పది రోజులు ముందయినంత మాత్రాన వెల్లుల్లి అలగదు.

ఇందులో భక్తి కంటే వాతావరణం పాలే ఎక్కువ. కార్తెల లెక్కలో చెప్పాలంటే స్వాతి, విశాఖ. అంటే అక్టోబరు ఆఖరి వారం నుంచి నవంబరు మూడో వారం దాకా. వెల్లుల్లి మొక్క బతుకంతా రెండు అంకాల నాటకం. మొదటి అంకంలో ఆకులు వేస్తుంది, దానికి చల్లదనం కావాలి. గడ్డ రెబ్బలుగా విడిపోవాలన్న బుద్ధి పుట్టేది కూడా ఆ చలిలోనే. ఫిబ్రవరి నుంచి పగళ్లు సాగి ఎండ ముదిరేసరికి రెండో అంకం మొదలవుతుంది. ఇక కొత్త ఆకు లేదు, తయారైన ఆహారమంతా కిందికి దిగి గడ్డ ఊరుతుంది. హైదరాబాదులో డిసెంబరు పగలు దాదాపు 11 గంటలు, జూన్ పగలు దాదాపు 13. తేడా రెండు గంటలే, మనం గమనించనైనా గమనించం. మొక్క మాత్రం లెక్క తప్పదు. ఆ పిలుపు అందేనాటికి ఎన్ని ఆకులుంటే గడ్డ అంత లావు. కార్తీకంలో నాటింది అప్పటికి నిండుగా ఉంటుంది. సంక్రాంతి ముగ్గుల హడావుడి తీరాక నాటినదానికి నాలుగు ఆకులైనా రాకముందే పెద్దరికం మీద పడుతుంది. చలి చాలక అది రెబ్బలుగా విడిపోకుండా గోళీలా మిగిలిపోవచ్చు కూడా. అయినా దిగులక్కర్లేదు. దాన్నే బజారులో ఒంటి రెబ్బ వెల్లుల్లి అని ఔషధం పేరు చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. ఆలస్యంగా నాటినవాళ్లు తాము కావాలనే మందు పండించామని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

దీనికి తొలకరి పక్షంవారి అభ్యంతరం ఒకటుంది. మృగశిర కార్తెలో చినుకు పడగానే చేతికి దొరికిన ప్రతి గింజనీ మట్టిలో గుచ్చడం మన జాతి లక్షణం కదా, వెల్లుల్లి చేసిన పాపమేమిటని. పాపం దాని వేళ్లదే. అవి పైపైనే ఉంటాయి, వానాకాలపు తడిలో గడ్డ కుళ్లిపోతుంది. దీనికంటే గట్టి అభ్యంతరం శ్రావణంలో వంటింటి బుట్టలోంచే వస్తుంది. రెబ్బలన్నీ ఎవరూ అడక్కుండానే పచ్చటి మొలకలెత్తి కూర్చుంటాయి. తన కాలం దానికి తెలియదా, మధ్యలో మన పాండిత్యమేమిటని అడగడం న్యాయమే. కానీ మొలక చెప్పేది నిద్ర తీరిందని మాత్రమే. వేసవి మొదట్లో తవ్విన గడ్డ కొన్ని వారాలు నిద్రపోయి, వానాకాలపు చల్లగాలికి లేస్తుంది. లేచిన ప్రతివాడూ ఆఫీసుకే బయల్దేరుతున్నాడనుకుంటే ఆదివారాలు ఏమైపోవాలి? ఆ మొలకల్ని పారేయకుండా చిన్న కుండీలో గుచ్చితే ఆకు వస్తుంది, పప్పులోకి బాగుంటుంది. ఆకు చాలనుకునేవాళ్లకి ఈ వాదన వర్తించదు. వాళ్లు దాదాపు ఎప్పుడైనా నాటుకోవచ్చు.

ఫ్రిజ్ ఉండగా చలికాలంతో పనేమిటనే ఆధునికులూ ఉన్నారు. నాటే ముందు రెబ్బల్ని కొన్ని వారాలు అందులో ఉంచితే మేలే, చలి కొంత ముందే అందుతుంది. అయితే ఫ్రిజ్ రెబ్బని నమ్మించగలదు గానీ ఏప్రిల్ మట్టిని నమ్మించలేదు. ఇక అన్నిటికన్నా బలమైన వాదం: ఇంత తతంగమెందుకు, బజారులో కొనుక్కోరాదా? కొనుక్కోవచ్చు. 2024 మొదట్లో కిలో 400 రూపాయలు దాటినప్పుడు ఈ ప్రశ్న వేసినవాళ్లు కాస్త తక్కువయ్యారంతే. కార్తీకంలో పెట్టింది నాలుగు, నాలుగున్నర నెలలకు ఆకు పండి వాలిపోతుంది. అప్పటికి నీళ్లు ఆపేసి, తవ్వి, నీడన ఆరబెడితే మామిడికాయ ముక్కలు కొట్టే వేళకు ఆవకాయలోకి సిద్ధం. జనవరిలో నాటినవాళ్లు అదే ఆవకాయ కోసం సంచీ పట్టుకుని బజారుకు వెళ్లాలి.

విత్తనం విషయంలో అందానికి లొంగకూడదు. హిమాచల్ నుంచి వచ్చే లావుపాటి రెబ్బలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవి అక్కడి పొడుగాటి వేసవి పగళ్లకు అలవాటుపడ్డవి. అగ్రిఫౌండ్ పార్వతి లాంటి కొండ రకానికి మన 13 గంటలు ఆనవు. మందసౌర్, నీమచ్ వైపు మైదానాల సరుకో, భీమా పర్పుల్, యమునా సఫేద్ లాంటి రకాలో నయం. పెద్ద రెబ్బలు ఏరి, మొన పైకి ఉండేలా, జానెడు దూరం కూడా అక్కర్లేకుండా నాలుగు అంగుళాలకొకటి గుచ్చితే సరి.

నెల్లూరు, తిరుపతి వైపువాళ్లు మాత్రం నా ముహూర్తాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కార్తీకంలో అక్కడ దీపాలకంటే తుఫాను హెచ్చరికలే ఎక్కువ. ఈశాన్య రుతుపవనం నెమ్మదించేదాకా, నవంబరు ఆఖరు వరకూ ఆగాలి, లేదా కుండీని చూరు కిందికి జరపాలి. కోస్తాలో రాత్రుళ్లు వెచ్చన గనక గడ్డ కొంచెం చిన్నదైనా సర్దుకోవాలి. లంబసింగిలో ఉన్నవాళ్లని చూసి అసూయపడటం తప్ప చేయగలిగింది లేదు. న్యూజెర్సీ తెలుగువాళ్లు నేల గడ్డకట్టకముందే నాటితే, మంచు కింద అది చలికాలం గడిపి జులైలో చేతికొస్తుంది. పంచాంగం అక్కడా పనిచేసినట్టే కనిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో మాత్రం కార్తీకమంటే వసంతకాలం. అక్కడివాళ్లు ఏప్రిల్, మే నెలల్లో నాటుకోవాలి. ఇక్కడ మనం ఆవకాయకి వెల్లుల్లి ఒలిచే రోజుల్లో వాళ్లు ఒలవకుండా, పొట్టుతోనే మట్టిలో పెట్టాలి.