ఆ ఒక్క లైను ఎవరు చదవాలి?

పొద్దున్నే ఆరున్నరకు వాట్సాప్‌లో ఒక ఫోటో. ట్యూబ్‌లైటు వెలుగు స్క్రీన్ మీద పడి మధ్యలో తెల్లటి మచ్చ, కుడివైపు సగానికి తెగిన అక్షరాలు, కింద తీసినవాడి బొటనవేలు. దానికి తోడు ఒక వాక్యం: "అన్నా, లైనెక్స్ ఖరాబైంది, జర చూడు." ఆ బొటనవేలి కింద ఉన్నది సరిగ్గా ఆ ఒక్క లైనే. ఏం ఖరాబైందో, ఎందుకైందో చెప్పే లైను. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, మా ఉస్మానియా యూనివర్సిటీ పిల్లల బొటనవేళ్ళకు ఆ లైను స్క్రీన్ మీద ఎక్కడుంటుందో భలే తెలుసు.

నేను హైదరాబాద్ తార్నాకలో ఉంటాను. కంప్యూటర్ చదువు చదవలేదు, నాది తెలుగు సాహిత్యం. అయినా చుట్టుపక్కల హాస్టళ్ళకు నేను లైనెక్స్ డాక్టర్ని. అర్హత ఏమిటంటారా? స్క్రీన్ మీద ఉన్నది చదువుతాను. అంతే. ఈ చౌరస్తా చుట్టూ జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఐఐసీటీ ఉంది, హబ్సిగూడ దాకా పోతే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. భూమి పొరల్లో ఏముందో చదివేవాళ్ళూ, జీవకణంలో ఏముందో చదివేవాళ్ళూ కూతవేటు దూరంలో ఉన్నారు. కళ్ళెదుట స్క్రీన్ మీద ఏముందో చదివేవాడు మాత్రం వీళ్ళకు నేనొక్కణ్ణే దొరికాను.

నాకూ ఈ విద్య ఊరికే అబ్బలేదు. మొదటిసారి లైనెక్స్ వేసుకున్న రాత్రి, ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందని అది మర్యాదగా చెప్పింది. నేను మర్యాదగా సరేనన్నాను. నా థీసిస్ మూడో అధ్యాయం పోయింది. మళ్ళీ రాస్తే మొదటిదానికంటే బాగుందని మా గైడుగారు అన్నారు, అది వేరే సంగతి.

చదవకపోవటానికి పిల్లల్ని మాత్రమే అనటం అన్యాయం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళు చూసిన కంప్యూటరు ఏనాడైనా ఏమైనా చెప్పిందా? నీలం తెర మీద ఒక ఏడుపు మొహం, "ఏదో సమస్య వచ్చింది" అన్న ఓదార్పు, అంతే కదా. ఏమొచ్చిందమ్మా అంటే చెప్పదు. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు అదే ఏడుపు మొహం పెట్టాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఏడ్చేదాన్ని ఎత్తుకుని ఊరుకోబెట్టటమే తెలిసినవాడికి, నిలబడి నిజం చెప్పే యంత్రాన్ని చూస్తే భయమే వేస్తుంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మావాడికి అది వైరస్సు. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని అది అంటుంది. నాయనా, నీ డిస్కు నిండిపోయింది, నాలుగు సినిమాలు తీసెయ్ అని దాని అర్థం. మావాడు లాప్‌టాప్ సంకన పెట్టుకుని సికింద్రాబాద్ బయల్దేరతాడు, హార్డ్ డిస్క్ మార్పించటానికి.

మొన్న వానాకాలం ఒకడు వచ్చాడు. విండోస్, ఉబుంటు లైనెక్స్ రెండూ పక్కపక్కన పెట్టుకున్న సంసారి. గదిలో నెట్ లేదు, ఫోను ఛార్జింగ్ అయిపోయి చచ్చింది. మబ్బు పట్టిన పొద్దున తొమ్మిదింటికి కళ్ళు తెరిచి విండోస్‌లో టైం చూస్తే మూడున్నర. ఇంకా తెల్లారలేదని ముసుగు తన్నాడు. ఇంటర్నల్ పరీక్ష పోయింది. "అన్నా, లైనెక్స్ వల్ల నా బతుకు ఆగమైంది" అని వచ్చి కూర్చున్నాడు. ఉబుంటులోకి వెళ్ళి 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని కొట్టించాను. ఏడు లైన్లు వచ్చాయి. చదువు అన్నాను. ఏ ముక్కకా ముక్క చదువుకుంటూ పోయి చివరి లైను దగ్గర ఆగాడు.

"ఆర్టీసీ ఇన్ లోకల్ టీజెడ్, నో అంటుందన్నా. ఆర్టీసీ లోకల్‌ల నడ్వదా?"

ఆర్టీసీ ఆస్పత్రి ఉన్న పేటలో పెరిగినవాడు ఆర్టీసీ అంటే బస్సే అనుకుంటే తప్పేముంది? ఈ ఆర్టీసీ రియల్ టైమ్ క్లాక్. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీతో నడిచే గడియారం. లైనెక్స్ అందులో గ్రీనిచ్ కాలం రాసిపెట్టి, మనకు చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ వచ్చి, అందులో ఉన్నది మన కాలమే అనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. తొమ్మిది కాస్తా మూడున్నర. ఇద్దరు కరణాలు ఒకే లెక్కల పుస్తకంలో చెరో కొలతతో రాస్తే ఏమవుతుందో అదే అయింది. ఒక్క కమాండుతో ఇద్దరికీ రాజీ కుదిర్చి పంపాను. తప్పుగా చదివితేనేం, చదివాడు. ఆ రోజు నుంచి వాడంటే నాకు గౌరవం.

ఇక వైఫై. లైనెక్స్ వేస్తారు, వైఫై రాదు. వైఫై రావాలంటే దాని చిప్పును నడిపే ఫర్మ్‌వేర్ దింపుకోవాలి. ఫర్మ్‌వేర్ దింపుకోవాలంటే వైఫై కావాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు. ఆ ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి మా ఇంట్లో కాలు పెట్టనివ్వం అని డెబియన్ అనే లైనెక్స్ తయారుచేసే పెద్దలు ఏళ్ళ తరబడి మడి కట్టుకుని కూర్చున్నారు. 2022లో ఓట్లు వేసుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని ఇన్‌స్టాలర్‌లోనే కలిపారు. మడికీ ఒక సడలింపు. ఈలోగా ఫోనుకు కేబుల్ తగిలించి నెట్ ఇచ్చుకోవచ్చన్న చిన్న ఉపాయం ఒక్కడికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళు కదా.

చదవనివాళ్ళు ఒక జాతి అయితే, వాళ్ళకు సలహాలిచ్చేవాళ్ళు ఇంకో జాతి. ప్రతి హాస్టల్లో ఒకడుంటాడు. లాప్‌టాప్ మూత మీద ఖాళీ లేకుండా స్టిక్కర్లు. సౌండ్ రావట్లేదు బ్రో అంటే, ఉబుంటు తీసెయ్ బ్రో, ఆర్చ్ వేస్కో అంటాడు. కుళాయి కారుతోందంటే ఈశాన్యం గోడ కూలగొట్టమనే వాస్తు పండితుడికీ వీడికీ తేడా ఏమిటి? పండితుడు దక్షిణ తీసుకుంటాడు, వీడు చాయ్ తీసుకుంటాడు. ఇంకొకడు మంత్రాలు రాసిస్తాడు. దేనికైనా ముందు 'సుడో' పెట్టు, కాకపోతే 'సీహెచ్‌మోడ్ 777' కొట్టు. సుడో అంటే యజమాని హోదాలో ఆజ్ఞ ఇవ్వటం. 777 అంటే ఇంటి తాళాలు తీసి తార్నాక సిగ్నల్ దగ్గర వచ్చేపోయేవాళ్ళందరికీ పంచిపెట్టటం. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు. నిజమే. అర్థం తెలియని మంత్రానికి లైనెక్స్‌లో చెట్టుకు చెట్టే కూలుతుంది.

అసలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొడవ ఎక్కడ మొదలైందో మా వీధిలో ఎవరికీ తెలియకపోవటం నాకు వినోదం. జిరాక్స్ మిషన్ దగ్గర మొదలైంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అది వేరే అంతస్తులో ఉండేది, కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే కాగితం ఇరుక్కుందని ప్రింటు కోసం కాచుకున్నవాళ్ళ తెరల మీద కబురు కనిపించే ఏర్పాటు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ తానే రాసిపెట్టుకున్నాడు. కొత్తదానికీ రాద్దామని సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వం పొమ్మన్నారు. ఆ మంట చల్లారలేదు. 1983 సెప్టెంబర్ 27న గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని ప్రకటించాడు, 1991 ఆగస్టులో ఫిన్లండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ తానూ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానన్నాడు, అదే లైనెక్స్, మిగతా కథ మీ ఆండ్రాయిడ్ ఫోనులో ఉంది. అంటే ఇంత ఉద్యమానికీ మూలం, యంత్రం ఎందుకాగిందో చెప్పే ఒక్క లైను. దానికోసం ఒక మనిషి జీవితం ధారపోశాడు. మావాడు దాని మీద బొటనవేలు పెడతాడు.

నలభై ఏళ్ళు గడిచాక అదే నాటకం తార్నాకలో ఒక జిరాక్స్ షాపులో చూశాను. లిబ్రెఆఫీస్‌లో చేసుకున్న సినాప్సిస్‌ను డాక్ ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడొకడు. షాపు కంప్యూటర్‌లో తెరిస్తే పట్టికలు పేజీ దాటి పోయాయి, గుడులూ సుడులూ తల మీంచి జారి పక్కింటి అక్షరం మీద కూర్చున్నాయి. "చూసినవా అన్నా, లైనెక్స్ గింతే" అన్నాడు నాతో. ఈ రూపంలో దాస్తే కొంత పోవచ్చని లిబ్రెఆఫీస్ అడిగిందా లేదా అన్నాను. అడిగిందట. రోజూ అడుగుతుంటే విసుగొచ్చి, ఇక అడగొద్దని టిక్కు కూడా తీసేశాడట. షాపాయన తల ఎత్తకుండా, కాగితాలు సర్దుకుంటూ, "పీడీఎఫ్ చేస్కొని రా తమ్మీ" అన్నాడు. ఆయన ఏ సెమినార్‌లోనూ మాట్లాడలేదు. ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన అసలైన ఇంజనీరు ఆయనే.

ఇంగ్లీషు రాక చదవట్లేదేమో పాపం, అని కొందరు పెద్దలు జాలిపడతారు. మన భాషలో ఇచ్చి చూడలేదా? 1918లో మా ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అని అనువాద సంస్థ పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి దింపటం మొదలుపెట్టారు. వైద్యం, ఇంజనీరింగ్ మన భాషలో చెప్పొచ్చని నమ్మిన నేల ఇది. మన కాలంలో హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ వాలంటీర్లు తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేశారు. ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లైనెక్స్‌లోనూ తెలుగు ఉంది. ఫైలును 'దస్త్రం' అన్నారు, మన కరణాల మాట. పెట్టి ఇస్తే ఏమన్నారు? "దస్త్రం ఏందన్నా, నవ్వొస్తుంది, ఇంగ్లీషే ఉంచు." ఇంగ్లీషే ఉంచాను. అదీ చదవలేదు.

తెలుగు శాఖలవాళ్ళం మేము తక్కువ తిన్నామా? తెలుగు అక్షరాలకు చోటిచ్చిన యూనికోడ్ మొదటి రూపం వచ్చిందీ 1991లోనే, లైనెక్స్ పుట్టిన ఏడే. భారతీయ లిపులకు మన ప్రభుత్వ ప్రమాణం ఇస్కీ ఖరారైందీ ఆ ఏడే. అయినా మొన్నటిదాకా మా థీసిస్‌లు ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు వేషం కట్టిన ఫాంట్లలోనే కొట్టించాం. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే వేషం ఊడిపోయి కుండలీకరణాలూ డాలరు గుర్తులూ బయటపడతాయి. వేమన మీద మూడువందల పేజీల పరిశోధన, తెరిస్తే డాలర్లు. పోనీ ఖరీదైనదాంట్లో తెలుగు క్షేమమా? 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక తీరులో కూర్చి పంపితే చాలు, ఐఫోనుల్లో సందేశాల ఆప్‌లు కుప్పకూలాయి. లక్షకు అటూఇటూ పోసి కొన్న ఫోను జ్ఞానానికి తట్టుకోలేకపోయింది. ఆపిల్ కంపెనీ 11.2.6 అప్‌డేట్ పంపేదాకా కొన్నవాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. లోపలికి తొంగిచూసే హక్కు వాళ్ళకు లేదు. మనకుంది. మనం తొంగిచూడం.

ఇంగ్లీషువాళ్ళకు ఒకే మాట, 'ఫ్రీ'. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు అని వాళ్ళకు స్టాల్‌మన్ ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. మనకు రెండు మాటలు విడివిడిగా సిద్ధంగా ఉన్నాయి. ఉండీ మనం ఏరుకున్నది ఉచితాన్నే. ఆ ఉచితం కూడా సాఫ్ట్‌వేర్ కాదు, బాగుచేసేవాడు. ఇది తార్నాకకు మాత్రమే పట్టిన జబ్బు కాదు లెండి. ప్రపంచంలో ఎన్నో లైనెక్స్ సర్వర్లు వాడుకునే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీని ఒక్క మనిషి జీతం లేకుండా మోస్తూ అలిసిపోయాడు. సాయం చేస్తానంటూ వచ్చినవాడు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి అందులో దొంగదారి తవ్వాడు. 2024 మార్చి 29న అది బయటపడింది. ఎలాగంటే, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఊరుకోకుండా కూర్చుని చదివాడు. అతను పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో! లైనెక్స్‌ను ఆ రోజు కాచినవాడు ఆ ఇంటి మనిషి. అరసెకను తేడాను పట్టించుకున్నవాడు అతను. అయిదున్నర గంటల తేడాకు ముసుగు తన్నినవాడు మనవాడు.

అందుకని ఈమధ్య ఒక నియమం పెట్టాను. ఫోటోలు పంపితే చూడను. స్క్రీన్ మీద వచ్చిన లైనును తెల్లకాగితం మీద చేత్తో, ఒక్క అక్షరం పోకుండా రాసుకుని మా ఇంటికి రావాలి. విమానాశ్రయంలో చేత్తో రాయగాలేంది, హాస్టల్లో రాయలేరా? నియమం పెట్టాక మొదటి వారం తొమ్మిదిమంది బయల్దేరారు. నలుగురు రాస్తూండగానే గదిలో ఆగిపోయారు, ఇద్దరు దారిలో కాగితం చదువుకుని వెనక్కి తిరిగారు. ముగ్గురు మా గుమ్మం దాకా వచ్చారు. వాళ్ళలో ఒకడు ఆర్టీసీ కుర్రాడు, తన పని మీద కాదు, పక్క గదివాడి కాగితం పట్టుకుని.

ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను. కాగితం తెండి. బొటనవేలు జేబులో పెట్టుకుని రండి.