నా నీడ కొలిచిన పిల్లలు

పుట్టుకతో నాకు కణుపులుండేవి. ఎమ్మిగనూరులో ఒక చేనేత ఇంట్లో వాటిని చెక్కి, గాజుపెంకుతో గీకి, నూనె రాసి నన్ను నున్నగా చేశారు. గుంటమగ్గం మీద పడుగుపోగులు చిక్కుపడకుండా మధ్యలో దూర్చే వెదురుకర్రను నేను. ఒంట్లో ఏ కాస్త గరుకున్నా పోగు తెగుతుంది. అందుకే అంత శ్రద్ధ.

మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఋతువుల తేడా నాకు మొదట తెలిసింది ఆ మగ్గం మీదే. వానలు పట్టుకుంటే గుంటలో చెమ్మ ఊరేది. గంజి పట్టించిన పడుగు ఎంతకీ ఆరేది కాదు. పని ఆగితే పొయ్యి కూడా నీరసంగా వెలిగేది. ఆశ్వయుజం వస్తూనే మబ్బు విడిచేది. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగులు చాచేవారు. దసరాకు, దీపావళికి బట్ట అందాలి కాబట్టి రాత్రి దాకా నాడె ఆడుతూనే ఉండేది. శరత్తు అంటే నాకు ఎండలో ఆరిన పోగు వాసన.

ఆ ఇంటి పెద్దాయనకు చూపు మందగించాక మగ్గం ఆగింది. నేను అటక ఎక్కాను. ఆయన మనవరాలు ఆదోని దగ్గర ఒక పల్లెలో టీచరు. ఒక ఆగస్టు మొదట్లో వచ్చి నన్ను కిందికి దించింది.

"తాతా, దీన్ని మా బడికి తీసుకుపోతా."

"తీసుకుపోమ్మా. వంకర పోనీయొద్దు, అంతే" అన్నాడాయన.

ఆమె నాకోసం రావడానికి కారణం రెండో తరగతి పాప అడిగిన ఒక ప్రశ్న. బడి గోడమీద ఋతువుల చార్టు ఉంది. శరదృతువు అని రాసిన చోట ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్టు బొమ్మ. "మేడమ్, మన యాపచెట్టు ఉగాది ముందర కదా ఆకులు రాల్చేది?" అంది ఆ పాప. నిజమే. మనకు ఆకు రాలే కాలం శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. శరత్తు ఆశ్వయుజ కార్తికాలు. చార్టులోది చలిదేశాల శరత్తు. "మన శరత్తు ఎట్లుంటుందో మనమే చూసి రాసుకుందాం" అని మేడమ్ ఆ రోజే పిల్లలకు మాటిచ్చింది.

బడి ముందు నన్ను నిలువునా పాతారు. నేల మీద సరిగ్గా మీటరు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, నేను ఒరగలేదని చూసుకున్నారు. ఆగస్టు 10న పన్నెండున్నర కావస్తుండగా మబ్బుల సందులోంచి ఎండ పడింది. నా నీడ లేదు! సూర్యుడు సరిగ్గా నా నెత్తిన ఉన్నాడు. "నీడ యాడికి పోయింది మేడమ్?" అని పిల్లలు నా చుట్టూ తిరిగి తిరిగి వెతికారు.

తర్వాత రోజురోజుకూ నీడ ఉత్తరంగా సాగింది. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 23న 28 సెంటీమీటర్లు. ఆ రోజు నీడ కొనన గులకరాయి పాతింది చార్టు గురించి అడిగిన పాపే. అక్టోబరు మధ్యకు 44, నవంబరు ఒకటికి 58. భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉండటం వల్ల సూర్యుడు దక్షిణానికి దిగుతున్నట్టు కనిపిస్తాడు. ఆ లెక్క ఏడేళ్ల పిల్లలకు మేడమ్ చెప్పలేదు. "నీడ పెరిగితే ఎండ ఏమైంది?" అని మాత్రం అడిగింది. చేతులు నేలకానించి చూసి, "మెత్తబడింది" అన్నారు వాళ్లు. ఏ పుస్తకం ఇంతకన్నా బాగా చెబుతుంది?

నా తలకు ఒక నూలుగుడ్డ పేలిక కట్టారు. వానాకాలమంతా అది తూర్పుకేసి ఎగిరింది, పడమటి గాలి కదా. అక్టోబరు నడిమికి సద్దుమణిగి, ఆ తర్వాత ఈశాన్యం నుంచి గాలి తిరిగేసరికి పేలిక ముఖం మార్చింది. నైరుతి వెళ్లి ఈశాన్య ఋతుపవనం వస్తోందని పిల్లలు దాన్ని చూసే తెలుసుకున్నారు. పొద్దున్నే నా ఒంటినిండా మంచుబొట్లు. "మబ్బు భూమికి దుప్పటి. దుప్పటి లాగేస్తే రాత్రి నేల చల్లబడుతుంది, గాలిలో తేమ నీళ్లవుతుంది" అంది మేడమ్. "అందుకే మా అవ్వ మంచు ఆరినాకనే పత్తి తీస్తుంది" అన్నాడొక పిల్లాడు. తడి పత్తికి ఆదోని మార్కెట్‌లో ధర తగ్గుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నల్లరేగడి చేలల్లో కాయలు పగిలి తెల్లబడే ఆ రోజులే ఇక్కడి శరత్తు. మా చార్టులో పిల్లలు ఎర్రాకుల మీద తెల్ల కాగితం అతికించి పత్తిచేను గీశారు.

అదే ఋతువు బడిని ఖాళీ చేస్తుంది కూడా. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో వాన మీద ఆధారపడిన పంట చేతికొచ్చాక పనులుండవు. దీపావళి దాటాక కుటుంబాలు గుంటూరు వైపు పత్తికి, మిరపకు వలస పోతాయి. కొందరు పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. కొందరు అమ్మానాన్నల వెంట పోతారు. చార్టు గురించి అడిగిన పాప కూడా మూట మీద కూర్చుని పోయింది. పోయే ముందు మేడమ్ ఆమెకు రెండు నూలుపోగులిచ్చింది. ఒకటి నా ఎత్తు. "ఆడ కూడా ఇంతే కట్టె నాటి, మధ్యాహ్నం అన్నిటికన్నా పొట్టి నీడ చూసి, రెండో దారానికి ముడి వెయ్యి."

డిసెంబరు 21న ఇక్కడ నా నీడ 81 సెంటీమీటర్లకు చేరింది. తగ్గిన హాజరును చూస్తూ మేడమ్ ఆ రాయిని తనే పాతింది.

ఉగాదికి పాప తిరిగొచ్చింది. దారం మాసి, మిరపకారం అంటి ఉంది. దాని నిండా ముడులు. అన్నిటికన్నా దూరంగా ఉన్న ముడిని డిసెంబరు రాయి పక్కన పరిచారు. రెండు సెంటీమీటర్లు ఎక్కువ.

"ఆడ నీడ ఇంగా పొడుగు మేడమ్."

గుంటూరు మనకన్నా కొంచెం ఉత్తరాన ఉంది. రెండు ఊళ్ల నీడల తేడాతోనే రెండువేల రెండు వందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. మేడమ్ ఆ కథ చెబుతుంటే పాప తన దారాన్ని చేతికి చుట్టుకుంటూ వింది. బడికి దూరమైన నెలల్లో కూడా ఆమె చదువు ఆగలేదని నాకు ఆ ముడులు చూశాక తెలిసింది. కానీ ఒక దారంతో సరిపెట్టుకోవలసిన రోజు ఏ బిడ్డకూ రాకూడదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పాప నా దగ్గరికి వచ్చింది. నా నీడ ఉత్తరంగా ఉంది, పొట్టిగా. దాని కొనన వేలు పెట్టి చూసి, మట్టి తుడిచింది. అక్కడ ఒక గులకరాయి. సెప్టెంబరులో తాను పాతిందే.