అక్క మెసేజీకి టీకా తాత్పర్యం

మూలం
ల్యాబుకు పోకున్నా సరే, ల్యాబు చదువు తమ్ముడూ.
జెల్ ఇడువకు, వెర్నియర్ ఇడువకు,
రంగులు నోటికి రావాలె.

అవతారిక: ఖమ్మంలో నీట్ కోచింగులో ఉన్న ఒక అక్క, జూలూరుపాడులో ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదివే తమ్మునికి అర్ధరాత్రి పంపిన వాట్సాప్ వాక్యమిది.

ప్రతిపదార్థం: ల్యాబుకు = బీకర్లూ బల్లులూ కాపురముండు గదికి; పోకున్నా సరే = హాజరు పడితే చాలును; ల్యాబు = సిలబస్‌లోని ప్రయోగముల పట్టికను; చదువు = కంఠస్థము చేయుము; తమ్ముడూ = ఓ సోదరా (రీల్స్ చూచుచున్నవాడా అని ధ్వని).

టీక: ల్యాబుకు పోకుండా ల్యాబు చదవడమేమి, వదతో వ్యాఘాతం కాదా అని పూర్వపక్షం. కాదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు సబ్జెక్టుకు 30 మార్కులున్నా నీట్ ర్యాంకులో వాటికి చోటు లేదు. అక్కడ 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఒక బాల్‌పెన్ను. పిపెట్ పట్టి చూపమనేవాడు లేడు. అయితే 2024 పరీక్షకు ఇచ్చిన కొత్త సిలబస్‌లో ఫిజిక్స్ ప్రయోగాలు ఒక యూనిట్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఒక యూనిట్ ఉన్నాయి. చేయకపోయినా చేసినవాడిలా జవాబు పెట్టాలని అక్క హృదయం.

'జెల్' అనగా జెల్ ఎలక్ట్రోఫోరెసిస్; ఇది ఉపలక్షణం, పీసీఆర్, ఎలైసా కూడా గ్రాహ్యాలు. డీఎన్ఏకు రుణావేశం, కనుక ఆనోడ్ వైపు పరుగు. పెళ్లి బంతికి పిల్లలు ముందు చేరినట్టు చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనుక. ఇథిడియం బ్రోమైడ్ పట్టించి అతినీలలోహిత కాంతిలో చూస్తే నారింజ చారలు. పేపర్లో సగం, అంటే 90 ప్రశ్నలు, బయాలజీవే కాబట్టి జెల్‌కు అగ్రపూజ న్యాయమే.

'వెర్నియర్' అనగా స్క్రూగేజీ కూడా. ఒకదాని కనీస కొలత మామూలుగా 0.1 మి.మీ., రెండోదానిది 0.01. శిష్యులు పడిపోయేది ఇక్కడ కాదు, శూన్యదోషం దగ్గర. దోషం ధనమైతే తీసివేయాలి, రుణమైతే కలపాలి. తిరగేసి చేసినవాడి జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. పేపరు పెట్టినవారి దయ.

'ఇడువకు' రెండుమార్లు రావడం పునరుక్తి కాదు. మొదటిది వచ్చే నాలుగు మార్కులకు, రెండోది తప్పు జవాబు పెడితే పోయే ఒక మార్కుకు.

'రంగులు' అనగా టైట్రేషన్. పర్మాంగనేట్ తనకు తానే సూచిక, చివరి చుక్కకు లేత గులాబి. ఆక్జాలిక్ ఆమ్లాన్ని వేడి చేయాలి, మోర్ లవణాన్ని చేయరాదు.

తాత్పర్యం: ముందు జెల్, పిమ్మట వెర్నియర్, ఆపై రంగులు. ప్రిజమూ జీనర్ డయోడూ నిద్ర రాని రాత్రులకు.

విశేషం: భద్రాచలం అడవి అంచున జ్వరమొస్తే వేలు పొడిచి స్లైడు మీద రక్తం పూస్తారు. దట్టపు పూతలో మలేరియా క్రిమి ఉందో లేదో, పలుచని పూతలో అది వైవాక్సో ఫాల్సిపారమో తేలుతుంది. ఇదీ ల్యాబే కదా, 'రంగులు' అంటే ఈ స్లైడుకు పట్టించే రంగేనని కొందరు స్థానిక వ్యాఖ్యాతలు. సిలబస్‌లో ప్లాస్మోడియం జీవితచక్రం ఉంది గాని స్లైడు పూయడం లేదు; కాబట్టి ఈ మతం ప్రస్తుతానికి అగ్రాహ్యం. 2022లో తెరిచిన కొత్తగూడెం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటొస్తే రెండో ఏడాది నుంచి గ్రాహ్యం.