‘చెయ్యి ఇట్ల పెట్టక్కా’ అను వాక్యానికి ఘ్రాణపథ వ్యాఖ్య

అవతారిక

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల ఫ్యాన్సీ దుకాణాల్లో, గాజుల డబ్బాలకూ రిబ్బన్ చుట్టలకూ వెనక అద్దాల అరలో నిలబెట్టిన సెంటు సీసాల ముందు నిత్యం వినవచ్చే ఒక వాక్యానికి ఇంతవరకూ సమగ్రమైన వ్యాఖ్య వెలువడకపోవడం పెద్ద లోటు. ఈ మూడూ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రాలైనా అంతకు ముందు పాలమూరు జిల్లాలోనివే కనుక, మూలపాఠం మూడుచోట్లా దాదాపు ఒక్కటిగానే నిలిచింది. సంస్థానాల కాలంలో గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. పొరుగున వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు ప్రభువులు కూడా కవిపండితులను ఆదరించినవారే. ఒక పద్యానికి నాలుగర్థాలు చెప్పి శాలువా కప్పించుకున్నవారు తిరిగిన ఈ నేలలో, ఒక సెంటు సీసాకు ఒక్క అర్థమైనా తేల్చి చెప్పగలవారు నేడు దొరకడం లేదు.

మూలం

చెయ్యి ఇట్ల పెట్టక్కా, జర కొట్టి సూపిస్త;
కంపెనీదే, ఫస్ట్ కాపీ;
పొద్దుమూకేదాంక వాసన పోదు.

కర్త అజ్ఞాతుడు. ఛందస్సు లేదు గాని యతిస్థానంలో ఒక చిరునవ్వు, పాదాంతంలో సీసా మూత తీసిన చప్పుడు తప్పకుండా ఉంటాయి. దీన్ని గద్యమనేవారు ఉన్నారు. ఉచ్చారణ పూర్తి కాకముందే ఫలితం చేతిమీద పడుతుంది కనుక మంత్రమనడమే న్యాయం.

ప్రతిపదార్థం

అక్కా = వయసుతో నిమిత్తం లేకుండా, కొనే సూచన కనబడిన ఓ స్త్రీ; చెయ్యి = మణికట్టు మొదలుకొని గాజులు అడ్డం రాని మేరకు ఖాళీగా ఉన్న చోటును; ఇట్ల = టెస్టర్ వైపుగా (టెస్టర్ అంటే అమ్మకానికి కాక, కొనేవారు పరీక్షించుకోవడానికి విప్పి ఉంచిన సీసా); పెట్టు = చాపుము; జర = కొంచెం, అనగా మూడుసార్లు; కొట్టి = చిమ్మి; సూపిస్త = వాసన చూపెదను; కంపెనీదే = ఏదో ఒక కంపెనీ తయారుచేసినదే; ఫస్ట్ కాపీ = సీసామీద పేరున్న కంపెనీ తయారుచేయనిది; పొద్దుమూకేదాంక = సూర్యుడు అస్తమించే వరకూ; వాసన = పరిమళం; పోదు = పోవడాన్ని దుకాణదారు చూడడు.

టీక

‘వాసన’ అనే పదం చివర ఉన్నా వాక్యానికంతటికీ అదే ప్రాణం కనుక మొదట దాన్ని పరిశీలించాలి. గంధం పృథివికి చెందిన గుణమనీ, అది సురభి, అసురభి అని రెండే విధాలనీ తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో నిర్ణయించాడు. సురభి అంటే ఇంపైనది, అసురభి కానిది. పారిస్ నిపుణులు పూల జాతి, కలప జాతి, నిమ్మ జాతి, తోలు జాతి అని శాఖోపశాఖలుగా చీల్చిన విషయాన్ని పాలమూరు అక్కలు తర్కం చదవకుండానే అన్నంభట్టు మార్గంలో ‘మంచిగున్నది’, ‘మంచిగలేదు’ అనే రెండు మాటల్లో ముగిస్తారు. నీటికి సొంత వాసన లేదనీ, ఉన్నట్టు తోస్తే అది అందులో కలిసిన పార్థివ భాగాలదేననీ నైయాయికుల మతం. సీసాలోని ద్రవానికి ఈ న్యాయం వర్తించదు. అందులో అధికభాగం ఆల్కహాలు, దానికి సొంత ఘాటు ఉంది, ముక్కుకు ముందుగా తగిలేదీ అదే. కొట్టిన క్షణంలోనే మణికట్టును ముక్కు దగ్గరికి చేర్చేవారు పరిమళాన్ని కాక దాన్ని మోసుకొచ్చిన బండిని మెచ్చుకుంటున్నారన్నమాట.

‘చెయ్యి’ అనే పదం దగ్గర వ్యాఖ్యాత కొంతసేపు ఆగక తప్పదు, ఎందుకంటే సెంటు విషయంలో ఇది సరైన చోటే గాని అదే చేతిని లిప్‌స్టిక్‌కు, ఫౌండేషన్‌కు కూడా చూపించడం వల్ల అనేక అనర్థాలు పుడుతున్నాయి. ఫౌండేషన్ అంటే ముఖమంతా ఒకే ఛాయలో కనబడేలా పూసే లేపనం. ముంజేతి లోపలివైపు ఎండ తగలదు, ముఖానికి తగులుతుంది, కనుక చేతికి కలిసిపోయిన ఛాయ ముఖాన సున్నం కొట్టినట్టు తేలుతుంది. దవడ ఎముక వెంబడి, మెడ మొదలయ్యే చోట చిన్న గీత గీసి, ఆ గీత కనబడకుండా పోతే అదే తన ఛాయ అని తెలుసుకోవాలి. అదీ దుకాణంలోని ట్యూబులైటు కింద గాక గడప దాటి పగటి వెలుతురులో చూడాలి. పైగా కొన్ని లేపనాలు చర్మం మీది జిడ్డుతో, గాలితో కలిసి అరగంట, గంటలో ఒక మెట్టు నల్లబడతాయి కనుక గీసిన వెంటనే ఇచ్చే తీర్పు చెల్లదు. లిప్‌స్టిక్‌కు వేరే చిక్కు ఉంది. ముంజేతి మీద పక్కపక్కన గీసిన అయిదు ఎరుపుల్లో ప్రతిదీ పక్కదాన్ని మార్చి చూపిస్తుంది, పెదవికి ఉన్న సహజమైన రంగేమో ముంజేతికి లేదు. మెహందీ పెట్టిన చేయి అయితే ఇక చెప్పనక్కర లేదు. చామనఛాయ ముఖానికి రెండు మెట్లు తెల్లని లేపనాన్ని తీసి ‘ఇదే మీకు సెట్టయితది’ అనే దుకాణదారు శబ్దప్రమాణాన్ని దవడ మీది ప్రత్యక్షప్రమాణం ముందు తోసిపుచ్చవచ్చు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ అరల్లో అందరికీ తెలిసిన లాక్మే పేరు టాటాలు 1952లో మొదలుపెట్టిన కంపెనీది. 1883లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన ఒక ఫ్రెంచి సంగీత నాటకంలోని నాయిక పేరు అది. ఆ నాయిక పేరు మన లక్ష్మికి ఫ్రెంచి ఉచ్చారణ. లక్ష్మీదేవి పారిస్ వెళ్లి నాలుక తిప్పుకొని, లిప్‌స్టిక్ రూపంలో వనపర్తి బజారుకు తిరిగివచ్చిందని పౌరాణికులు చెప్పుకోవచ్చు.

‘కంపెనీదే, ఫస్ట్ కాపీ’ అనే రెండో పాదం పరస్పర విరుద్ధం. కంపెనీదైతే కాపీ కాదు, కాపీ అయితే కంపెనీది కాదు. దీన్ని విరోధాభాసం అని సమర్థించినవారు ఉన్నారు గాని, విరోధాభాసంలో విరోధం పైకి మాత్రమే కనబడి లోపల పరిహారం దొరకాలి. ఇక్కడ ఎంత లోతుకు వెళ్లినా దొరకదు. ఇంతకీ ఏ కంపెనీ? డిజైనర్ సెంటు అంటే సంపన్నులకు బట్టలు రూపకల్పన చేసే గృహాలు తమ పేరుతో విడుదల చేసే పరిమళం. 1911లో పారిస్ దుస్తుల రూపశిల్పి పాల్ పొయిరే తన పేరు కాక కూతురి పేరు పెట్టి ఈ దారి తొక్కాడు. 1921లో ఎర్నెస్ట్ బో కూర్చిన పరిమళానికి మరో దుస్తుల రూపశిల్పి షనెల్ తన పేరు, ఒక అంకె పెట్టి విడుదల చేసింది. ఆ గృహాల గౌను కొనలేని కోట్లమంది ఆ పేరును సీసాలో కొనుక్కోవచ్చునన్నది ఇందులోని వ్యాపార రహస్యం. సీసాను కూడా కొనలేనివారి కోసం పుట్టినది ఫస్ట్ కాపీ: పెట్టె అదే, అక్షరాలు అవే, అసలుది వేలల్లో ఉంటే ఇది వందల్లో. ‘ఫస్ట్’ అనే విశేషణానికి గల కారణం విచారిస్తే, రెండో కాపీ, మూడో కాపీ కూడా పక్క అరలో ఉన్నవని అనుమానప్రమాణం చేత తెలుస్తుంది.

ఇక్కడ గద్వాలవారిని గురించి కొంచెం కఠినంగానే చెప్పవలసి వస్తుంది. నూలు ఒడలికి పట్టు అంచునూ పట్టు కొంగునూ మగ్గం మీదనే పోగుకు పోగు పెనవేసి కలిపే కుప్పడం నేత ఈ ఊరి సొత్తు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మరమగ్గం మీద నేసి గద్వాల పేరు చెప్పి అమ్మే చీరల మీద ఈ ఊరివారికి ఉన్న కోపం న్యాయమైనది. చీర కొనడానికి కూర్చున్న అక్క దుకాణదారు పరిచి చూపే ముందువైపును చూడదు; అంచు పట్టుకొని తిప్పి, వెనకవైపు ఒడలూ అంచూ కలిసిన చోటును వేలితో తడిమి చూస్తుంది. అదే చెయ్యి సెంటు దుకాణంలో మాత్రం ముందువైపు పేరు చూసి లొంగిపోతుంది. సెంటుకూ వెనకవైపు ఉంది. అది పూసిన నాలుగో గంటలో కనబడుతుంది.

కంటికి కనబడే వెనకవైపు కూడా ఒకటి ఉంది, అది సీసా అడుగున. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, వాడుక గడువు, ఇక్కడ తయారైతే తయారీ లైసెన్సు నంబరు, దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు ముద్రించి ఉండాలి. పారిస్ పేరు ఒక్కటే పెద్దక్షరాల్లో ఉండి తక్కినవేవీ లేని సీసాను కొనడమంటే కర్త పేరు, కాలం, మాతృక తెలియని తాళపత్రాన్ని బేరమాడటమే.

‘పొద్దుమూకేదాంక’ అనే కాలవాచకం ఈ మూలానికి మర్మస్థానం. పరిమళశాస్త్రంలో పై స్వరం, నడిమి స్వరం, అడుగు స్వరం అని మూడు అంతస్తులు చెబుతారు. నిమ్మ, నారింజ వంటి తేలిక అణువులు ముందు ఎగిరిపోతాయి. గులాబి, మల్లె వంటివి కొన్ని గంటలు నిలుస్తాయి. చందనం, కస్తూరిని పోలిన ద్రవ్యాలు, వెనిల్లా వంటివి చర్మాన్ని అంటిపెట్టుకొని చివరిదాకా ఉంటాయి. స్థానికంగా బోధపడాలంటే గద్వాలలో మణికట్టుకు కొట్టించుకొని వనపర్తి బస్సెక్కడమే మార్గం. ఎర్రవల్లి చౌరస్తా చేరేలోపు దుకాణంలో మురిపించిన నిమ్మ తళుకు దిగిపోతుంది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి కిటికీలోంచి కొడుతుండగా పూలు బయటికి వస్తాయి. పెబ్బేరు దాటి, వనపర్తిలో దిగి, నాగర్‌కర్నూల్ బస్సు కోసం ఎండలో నిలబడి, మళ్లీ ప్రయాణం సాగించాక మణికట్టున ఏది మిగిలిందో అదే కొన్న సరుకు. నకలు సీసాల్లో సాధారణంగా ఖర్చంతా పై అంతస్తుకే పెడతారు, ఎందుకంటే అమ్మకం జరిగేది ఆ పది నిమిషాల్లోనే. అడుగు అంతస్తు బలహీనమైతే వైశాఖమాసంలో, నలభై డిగ్రీలు దాటిన పాలమూరు ఎండలో, బీచుపల్లి రాకముందే అక్క చేతిమీద అక్క చెయ్యే మిగులుతుంది.

ఆక్షేపం, సమాధానం

‘ఒక సీసా నచ్చకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మరొకటి, అన్నీ ఒకేసారి చూసి తేల్చుకోవచ్చు కదా, మధ్యమధ్య వాసన చూడటానికి కాఫీ గింజలు పెడతారు కదా’ అని పూర్వపక్షం. అది నిలవదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దపు బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయం రాసి, పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఏరితే 1820 కలయికలు వస్తాయని లెక్కకట్టాడు. పాళ్లు మార్చితే ఇంకా పెరుగుతాయి. శాస్త్రానికి అంతు లేదు గాని ముక్కుకు ఉంది. మూడు నాలుగు సీసాలు దాటాక అన్నీ ఒక్కటిగానే తోస్తాయి. కాఫీ గింజలు ఈ అలసటను తీరుస్తాయన్న నమ్మకాన్ని అమెరికాలో పరీక్షించి 2011లో ప్రకటించారు. గింజలు వాసన చూసినవారికీ వట్టి గాలి పీల్చినవారికీ తేడా కనబడలేదు. కనుక కాఫీని తాగడానికి వినియోగించి, పరీక్ష మర్నాటికి వాయిదా వేసుకోవడం ఉత్తమపక్షం. రెండు మణికట్లకు రెండే సీసాలు, రుద్దకుండా ఆరనివ్వడం, ఇది మధ్యమపక్షం. నాలుగు సీసాలు ఒకే చేతిమీద కొట్టించుకొని ‘అన్నీ మంచిగున్నయి’ అనడం అధమపక్షం. బజారులో ఎక్కువమంది ఆశ్రయించేది ఇదే.

ఇంకొక ఆక్షేపం: ‘పూసుకున్న నాకే వాసన రావట్లేదు, కనుక పోయిందని అర్థం.’ ఇదీ హేతుదోషమే. ఒకే వాసనకు ఎడతెరిపి లేకుండా లోనైన ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. సెంటు ఉన్నదీ లేనిదీ బస్సులో పక్కన కూర్చున్నవారే చెప్పగలరు, వారు మర్యాదకు చెప్పరు. ఫలితంగా అక్క మరోసారి కొట్టుకుంటుంది, పక్కవారు కిటికీ తీస్తారు.

తాత్పర్యం

ఓ కొనుగోలుదారూ, నీవు చెయ్యి చాపినచో దుకాణదారు తన సరుకులో అన్నిటికంటె త్వరగా ఎగిరిపోవు భాగమును నీకు చూపి, అదియే సరుకంతయునని నమ్మించి, మిగిలినది నీ ఇంటికి చేరిన పిమ్మట నీకే విడిచిపెట్టుచున్నాడు. నీవు డబ్బు తీయక ముందు ఊరంతా ఒక చుట్టు తిరిగి రావలెనని ఈ వాక్యము వలన విదితమగుచున్నది.

పాఠాంతరం

మల్దకల్ తిమ్మప్ప జాతరలో, సింగోటం జాతరలో, దర్గాల ఉర్సు గంధం నాడు ముందువరుసలో కూర్చునే అత్తరు అమ్మేవారి నోట మూడో పాదం ‘ఉతికినా పోదు’ అని వినిపిస్తుంది. అత్తరు చరిత్ర వేరు. కన్నౌజ్‌లో డేగులనే పెద్ద రాగి పాత్రల్లో పూలను నీటితో కాచి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలంలోకి దింపుతారు. ఆల్కహాలు ఉండదు గనుక మొదటి శ్వాసకూ చివరి శ్వాసకూ మధ్య అంత దూరం ఉండదు. చందనం ఖరీదు పెరిగాక లిక్విడ్ పారఫిన్ వంటి వాటిలోకి దించడం ఎక్కువైంది గాని అమ్మే పద్ధతి మారలేదు. మూత పుల్లతో ముంజేతి వెనకవైపు ఒక చుక్క గీసి, మిగిలినది దూదికి అద్ది చెవి మడతలో పెట్టి, ‘జాతర తిరిగి రా’ అని పంపించే అత్తరు సాయెబు పైన చెప్పిన పరీక్షావిధానమంతా శాస్త్రం పేరు ఎత్తకుండానే పాటిస్తున్నాడు. అతని పాఠమే ప్రాచీనమనీ, ఫ్యాన్సీ దుకాణపు పాఠం దానికి తరువాతి కాలపు మార్పనీ ఊహించవచ్చు. ‘ఉతికినా పోదు’ అన్నది అతిశయోక్తి అని కొట్టివేయడానికీ వీల్లేదు, నూనె చుక్క గద్వాల చీర పట్టు అంచుమీద పడితే ఆ పాఠం అక్షరాలా నిజమవుతుంది. కాకపోతే అప్పుడు పోనిది మరక.