రోబోని కానని నిరూపించుకున్న బాబాయి

కంప్యూటర్ చదువు చదివినవాడు బ్యాంకు సర్వర్లు చూసుకున్నా, రాకెట్లకి లెక్కలు కట్టినా, చుట్టాల దృష్టిలో మాత్రం కంప్యూటర్ బాగుచేసే కుర్రాడే. జుట్టు నెరిసినా కుర్రాడే. ఫీజు గ్లాసుడు కాఫీ, గ్యారంటీ జీవితాంతం.

కాకినాడలో మా బాబాయి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఫోన్ చేసి, "ఒరేయ్, గూగుల్ పాడైపోయిందిరా" అన్నారు. అంత పెద్ద వార్త ప్రపంచంలో అందరికంటే ముందు కాకినాడలో తెలియడం నాకు గర్వంగానే అనిపించింది. వెళ్లి చూశాను. బ్రౌజర్ తెరిస్తే గూగుల్ స్థానంలో ఎన్నడూ పేరు వినని సెర్చ్ పేజీ. పిన్ని గోంగూర పచ్చడి అని వెతికితే ముందు బట్టతల మందు, తర్వాత ఇంట్లో కూర్చుని లక్షలు, ఆ తర్వాతెప్పుడో గోంగూర. కుడిచేతి వైపు మూలన "మీ కంప్యూటర్లో వైరస్‌లున్నాయి" అంటూ ఎర్రటి పెట్టె.

"ఇందులో అసలు వైరస్ ఏదిరా?" అని అడిగారు బాబాయి.

"వైరస్ ఉందని అరుస్తోందే, దాన్నే అనుమానించాలి బాబాయ్."

అయితే ప్రకటన కనబడ్డ చోటల్లా యాడ్‌వేర్, అంటే ప్రకటనలు చూపించడానికే కంప్యూటర్లో దూరిన ప్రోగ్రామ్, ఉందనుకోకూడదు. చాలా వార్తల సైట్లు ప్రకటనల మీదే బతుకుతాయి. అందుకే నేను ముందు వికీపీడియా తెరుస్తాను. వాళ్లు అప్పుడప్పుడు విరాళాలు అడుగుతారు గానీ వ్యాపార ప్రకటనలు వేయరు. కాటన్ దొర పేజీ తెరిచేసరికి ధవళేశ్వరం ఆనకట్ట పక్కన మోకాళ్ల నొప్పుల నూనె ప్రత్యక్షమైంది. ఇక సందేహం లేదు. రోగం సైటుది కాదు, మన యంత్రానిదే.

"నేనేం చెయ్యలేదు" అన్నారు బాబాయి. ఈ రోగులందరి మొదటి వాంగ్మూలం ఇదే. రెండో వాంగ్మూలంలో పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ బయటపడింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఇంటికి పిలవడమంటే, ఒక్క మనిషిని భోజనానికి పిలిస్తే బావమరిదినీ, బావమరిది స్నేహితుణ్ణీ వెంటబెట్టుకుని దిగడమే. వాళ్లొస్తున్నారని ముందే చెబుతారు కూడా, "కస్టమ్ ఇన్‌స్టాల్" అనే మాట వెనక, చిన్న అక్షరాల్లో, ముందే టిక్కు పెట్టేసిన గడుల్లో. పిల్లల జవాబు పత్రాల్లో కామా తప్పినా వదలని బాబాయి, అక్కడ మాత్రం నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని దాటుకుంటూ వెళ్లిపోయారు.

మూలన ఉన్న ఎర్రపెట్టె కథ వేరు. సీరియల్ పాత భాగాల కోసం పిన్ని తెరిపించిన సైటు ఒకటి, "మీరు రోబో కాకపోతే అనుమతించు నొక్కండి" అంది. ఒక తరానికి పాఠాలు చెప్పిన మనిషిని పట్టుకుని రోబోవా అంటే ఊరుకుంటారా? నొక్కారు. ఇంకో సైటు అడిగింది, అక్కడా నిరూపించుకున్నారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే, బాబాయి మనిషేనని సాక్ష్యం పలికే సైట్లు పేజీ నిండా ఉన్నాయి. నిజంగా రోబోల్ని పట్టే పరీక్ష బస్సులు గుర్తుపట్టమంటుంది, ట్రాఫిక్ లైట్లు చూపించమంటుంది. నోటిఫికేషన్లకి అనుమతి అడగదు. ఆ సైట్లన్నిటినీ తీసేస్తే ఎర్రపెట్టె పోయింది.

తర్వాత బ్రౌజర్ మెనూ అడుగున "మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న వాక్యం కనబడింది.

"రిటైరైనా డీఈవో ఆఫీసు నన్ను వదల్లేదట్రా?" అన్నారు బాబాయి.

"ఈ ఇంట్లో సంస్థంటే నేనే. నేనేం నిర్వహించట్లేదు" అంది పిన్ని వంటింట్లోంచి.

ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ వాక్యం మామూలే. కొన్ని యాంటీవైరస్‌లు కూడా దాన్ని తెప్పిస్తాయి. అవేవీ లేని ఇంటి కంప్యూటర్లో కనబడితే మాత్రం, ఏదో ప్రోగ్రామ్ బ్రౌజర్‌కి తగిలించిన తన ఎక్స్‌టెన్షన్‌ని మనం తీసేయకుండా పాలసీ రాసుకుందేమోనని చూడాలి.

వదిలించడానికి ఒక వరుస ఉంది. ముందు విండోస్‌లో ప్రోగ్రామ్‌ల జాబితాని తేదీలవారీగా పేర్చి, గొడవ మొదలైన రోజుల్లో దిగినవాటిని తీసేయాలి. ఆ ప్రోగ్రామ్‌ని వదిలేసి ఎక్స్‌టెన్షన్‌ని మాత్రమే తీస్తే, ప్రోగ్రామే దాన్ని మళ్లీ తెచ్చి పెడుతుంది. ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ ఇంజిన్, హోమ్ పేజీ. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో, టార్గెట్ గడి చివర ఏదైనా సైటు చిరునామా తోకలా అతుక్కుని ఉంటే కత్తిరించాలి. చివరికి బ్రౌజర్‌ని రీసెట్ చేయాలి. బుక్‌మార్కులూ పాస్‌వర్డులూ ఎక్కడికీ పోవు. ఆడ్‌డబ్ల్యుక్లీనర్ అని ఉచితంగా దొరికే పనిమంతుడు ఉన్నాడు. 2016లో దాన్ని మాల్వేర్‌బైట్స్ కొనుక్కుంది. ఆ సంస్థ సైటు నుంచే దింపుకోండి. రోగమొచ్చిన బ్రౌజర్లోనే మందు కోసం వెతికితే అది తన అన్నదమ్ముల చిరునామా ఇస్తుంది.

అన్నీ అయ్యాక మర్నాడు, తీసేసిన ఎక్స్‌టెన్షన్ ఒకటి తిరిగి వచ్చింది. డల్లాస్‌లో మా చెల్లెలి లాప్‌టాప్‌లో కూడా బాబాయి అకౌంటే ఉంది. ఒకే అకౌంటున్న బ్రౌజర్లని కలిపే సింక్ పుణ్యమా అని సరుకు పిన్ని పచ్చళ్లకంటే వేగంగా అమెరికా చేరి, అక్కణ్ణించి స్వదేశానికి విచ్చేసింది. అక్కడా తీసేశాకే శాంతించింది.

"అడక్కుండా ఏదీ రాలేదంటావు, అంతేనా?" అన్నారు బాబాయి కాస్త నొచ్చుకుని. అడక్కుండా వచ్చినవీ లేకపోలేదు. 2014లో లెనోవో కొన్ని లాప్‌టాప్‌లని సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్‌తో సహా పెట్టెలో పెట్టి అమ్మింది. భద్రమైన సైట్లలోకి కూడా అది దూరేది. 2017లో అమెరికాలో 32 రాష్ట్రాలకి 35 లక్షల డాలర్లు కట్టడానికి లెనోవో ఒప్పుకుంది. ఇంకో యాడ్‌వేర్ సంస్థ, గేటర్, తన సాఫ్ట్‌వేర్‌ని స్పైవేర్, అంటే గూఢచారి, అన్నందుకు 2003లో పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ మీద దావా వేసింది. పిలవని ఇంట్లో కూర్చున్నా పరువు పట్టింపు పరువు పట్టింపే. పాప్-అప్ ప్రకటనకి తొలి కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మాన్ మాత్రం 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఈ వ్యాపారం మొత్తంలో నాకు కనబడ్డ మర్యాదస్థుడు ఆయనొక్కడే.

మిగతావి చాలావరకు మన అనుమతితోనే వస్తాయి. తాళం పగలగొట్టవు, మన చేతే తీయిస్తాయి. కాబట్టి పాఠకులకి నా విన్నపం ఒక్కటే. "అనుమతించు" పక్కనే "నిరోధించు" అని ఇంకో బటన్ ఉంటుంది. అదీ ఉచితమే, నొక్కుతూ ఉండండి.